మూడు చుక్క ఒకటి

డయాలసిస్ సెంటర్,
ముందు గదిలో నా బల్ల దగ్గర నుంచి

చంటీ,

బాగున్నావా అని అడగను. అడిగితే బాగున్నానంటావు, నాకు ఒళ్ళు మండుతుంది. కడుపుకి తింటున్నావా, కంటికి నిద్ర పడుతోందా, ఆ రెండూ రాయి చాలు.

వకీలుగారికి ఫోన్ చేశాను. "వచ్చే వాయిదాకి బెయిలు గ్యారంటీ అమ్మా" అన్నారు. పోయిన వాయిదాకి ముందు కూడా అదే గొంతుతో అదే మాట అన్నారు. మీ ఆఫీసు ఖాతాదారుల వివరాలు ఎవడో ఎత్తుకుపోవడమేమిటి, వాడు నీ పాస్‌వర్డు వాడితే నువ్వు లోపల కూర్చోవడమేమిటి! "ఆ రోజు మా తమ్ముడు ఒంట్లో బాగాలేక సెలవులో ఉన్నాడండీ, ఆ మాట గట్టిగా చెప్పండి" అంటే, "అదంతా టెక్నికల్ అమ్మా, జడ్జిగారికి ఎక్కదు" అంటారు. ఆయనకి ఎక్కితే కదా జడ్జిగారికి ఎక్కించేది.

నీతో ఫోన్లో మాట్లాడే దరఖాస్తు ఇంకా పైవాళ్ళ దగ్గరే ఉందట. అందాకా ఈ కాగితాలే గతి.

ఇప్పుడు నీ పని ఒకటి పడింది. నువ్వు మా సెంటర్‌కి రాసిచ్చిన ప్రోగ్రాం ఇన్నాళ్ళూ బంగారంలా నడిచింది. ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ కుర్చీలో ఎవరికి డయాలసిస్సో పొద్దున్నే స్క్రీను మీద వస్తుంది, టెక్నీషియన్ చూసి పిలుస్తాడు. ఈమధ్య మూడో కుర్చీ దగ్గర పేరు రావలసిన చోట ఇంగ్లీషులో "అరే" అని వస్తోంది. నిజంగా రా! మా టెక్నీషియన్ "మేడమ్, కంప్యూటర్ అరే అంటోంది" అని పడీ పడీ నవ్వాడు. ఆ చోట రావలసింది మన రేడియో బాబాయి పేరు. నీకు గుర్తున్నాడుగా, బజారు మలుపులో రేడియోలు బాగుచేసే ఆయన? "పోనీలే అమ్మా, ఇన్నాళ్ళకి నన్ను చూసి ఒకటి ఆశ్చర్యపోయింది" అన్నాడాయన.

ఎవరన్నా పిలిపిద్దామంటే, నువ్వు రాసిన ఆ పీహెచ్‌పీ భాష తెలిసినవాళ్ళు ఇటువైపు దొరకడం లేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ అక్క

*

జైలు, రెండో బారక్

అక్కా,

తింటున్నాను. నిద్ర కూడా పడుతోంది, పక్కవాడి గురకకి గురక కలిపి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడికొచ్చాక నన్నెవరూ పని అడగలేదు. "ఇది నువ్వే చెప్పాలి" అన్నవాళ్ళు లేరు. అందుకని నీ "అరే" చూస్తే నాకు పండగైంది, తిట్టుకోకు.

అది ఆశ్చర్యం కాదు. పీహెచ్‌పీలో అరే అంటే గదుల పెట్టె. ఒక పెట్టెలో గదులు, ఆ గదిలో మళ్ళీ పెట్టె, అందులో మళ్ళీ గదులు. నువ్వు ఫైలులో "సోమవారం.ఉదయం.2" అని రాసి ఎదురుగా మనిషి పేరు పెడతావు కదా? ప్రోగ్రాం ఆ మాటని చుక్క ఉన్న ప్రతిచోటా విరిచేస్తుంది. మూడు ముక్కలొస్తాయి. సోమవారం అనే గదిలోకి వెళ్తుంది, దాని లోపల ఉదయం అనే గదిలోకి, దాని లోపల రెండు అనే గదిలోకి. అక్కడ పేరు పెట్టి బయటికొచ్చేస్తుంది. స్క్రీను మీద అరే అని వచ్చిందంటే, పేరు ఉండాల్సిన గదిలో పేరు కాకుండా ఇంకో పెట్టె కూర్చుంది.

ఎందుకు కూర్చుందో నువ్వు రాసిన లైన్లు చూస్తే గానీ చెప్పలేను. సోమవారం ఉదయానివి ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసి పంపు. చుక్కలు కూడా వదలకు.

బాబాయికి నా నమస్కారాలు చెప్పు. నా చిన్నప్పటి రేడియో ఆయన విప్పి మళ్ళీ బిగించే పద్ధతి చూసే నాకీ పిచ్చి పట్టిందని చెప్పు. ఆయన నమ్మడు.

చంటి

*

డయాలసిస్ సెంటర్

చంటీ,

చెప్పాను. "నా మీదకి తొయ్యొద్దని చెప్పమ్మా, వాళ్ళ నాన్న వింటే నన్ను కొడతాడు" అన్నాడు. నువ్వు ఎప్పుడొస్తావని పిన్నిగారు కూడా అడిగింది. ఆయన మెషిన్ మీద ఉన్నంతసేపూ ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఊలు అల్లుతూ ఉంటుంది. ఏమి అల్లుతోందో నాకు ఇంతవరకు అర్థం కాలేదు, ఎప్పుడు చూసినా అరచెయ్యంత ముక్కే.

ఇవిగో నీ లైన్లు.

సోమవారం.ఉదయం.1 – డ్రాయింగ్ మాస్టారు
సోమవారం.ఉదయం.2 – బేకరీ ఆవిడ
సోమవారం.ఉదయం.3.1 – రేడియో బాబాయి
సోమవారం.ఉదయం.4 – బస్సు డ్రైవరు
సోమవారం.ఉదయం.3 – కాలేజీ పిల్ల

మూడు చుక్క ఒకటి ఏమిటని అడుగుతావు. మూడో కుర్చీకి, నాలుగో కుర్చీకి మధ్య కిటికీ పక్కన చోటుంటే కొత్తగా ఒక కుర్చీ, మెషిన్ వేశారు. దానికి నాలుగని పేరు పెడితే ఉన్న నాలుగు అయిదవుతుంది, అయిదు ఆరవుతుంది, గోడల మీద అంకెలన్నీ చెరిపి మళ్ళీ రాయాలి. ఇళ్ళ నంబర్లలా పెట్టేద్దామని నేనే మూడు చుక్క ఒకటి అన్నాను. డాక్టరుగారు "శభాష్" అన్నారు. బాబాయి కిటికీ కావాలని అందులో చేరిపోయాడు.

ఇక అసలు శుభవార్త. నీ అరే మాయమైపోయింది! మూడో కుర్చీ మెషిన్ ఇన్నాళ్ళూ పాడై ఉంది కదా, బాగుచేశారు. వచ్చే నెల మొదటి సోమవారం నుంచి ఒక కాలేజీ పిల్ల అందులోకి వస్తోంది. అందుకే వచ్చే నెల ఫైలులో ఆ పిల్ల లైను చివర్న చేర్చాను. వచ్చే నెల షెడ్యూలు తీసి చూస్తే మూడో కుర్చీ దగ్గర ఆ పిల్ల పేరు చక్కగా, ముత్యంలా వచ్చింది. అరే లేదు, గిరే లేదు. దానంతటదే బాగుపడింది. కాబట్టి నువ్వు బుర్ర పాడుచేసుకోకు. నీ కేసు సంగతి ఆలోచించుకో.

అక్క

*

జైలు, రెండో బారక్

అక్కా,

ఈ ఉత్తరం చేతికి రాగానే, నిలబడి చదువుతుంటే నిలబడే, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళు. బాగుపడలేదు. బాబాయి పోయాడు. అంటే స్క్రీను మీంచి పోయాడు. వచ్చే నెల షెడ్యూల్లో ఆయన పేరు ఎక్కడుందో వెతికి చూడు, దొరకదు.

నాకిక్కడ కంప్యూటర్ లేదు. ఇటుక ముక్క తీసుకుని నేల మీద గళ్ళు గీసి, నీ లైన్లు ఒక్కొక్కటీ నేనే నడిపాను. మూడు చుక్క ఒకటిలో చుక్క ఉంది కదా? ప్రోగ్రాం దాన్ని కూడా విరిచింది. అది కుర్చీ నంబరని దానికేం తెలుసు? మూడు అనే గదిలో ఒక పెట్టె చేసి, ఆ పెట్టెలో ఒకటి అనే గది చేసి, బాబాయిని అక్కడ కూర్చోబెట్టింది. అందుకే నీకు అరే అని కనబడింది. అప్పుడు ఆయన లోపలున్నాడు. తర్వాత చివరి లైను వచ్చింది, మూడు అంటే కాలేజీ పిల్ల. ప్రోగ్రాం మూడో గదికి వెళ్ళి పెట్టెని పెట్టెతో సహా తీసి పారేసి, ఆ పిల్ల పేరు పెట్టేసింది. తప్పు అని చెప్పదు, ఆగదు, ఏమీ అనదు. నేల మీద ఆ గడిని నా కాలితో నేనే చెరిపాను అక్కా. చెరిపాక తెలిసింది ఏం చెరిపానో.

ఆ పిల్ల లైను ముందు వచ్చి, బాబాయి లైను తర్వాత వచ్చి ఉంటే ప్రోగ్రాం అక్కడే కుప్పకూలేది. నువ్వు గాభరా పడేదానివి. అదే మేలయ్యేది.

ముందు చెయ్యాల్సింది ఇది. ఫైలులో మూడు చుక్క ఒకటి తీసేసి, మూడు అడ్డగీత ఒకటి అని రాయి. చుక్క ఉండకూడదు, అంతే. బాబాయి పేరు వెంటనే వచ్చేస్తుంది. తర్వాత తీరిగ్గా ప్రోగ్రాం తెరిచి, ఎక్స్‌ప్లోడ్ అని ఉన్న లైను వెతుకు. చుక్క దగ్గర విరిచేది అదే. ఎక్స్‌ప్లోడ్‌కి కింద మూడో లైనులో పేరు పెట్టే చోటు ఉంటుంది. దాని పైన ఏం చేర్చాలో వెనకవైపు రాశాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కించు.

మొదటి సోమవారం లోపల అయిపోవాలి. నీకు ఇంకా చాలా టైముంది. నాకే లేనట్టుంది.

చంటి

*

ఇంటి నుంచి

చంటీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఒంట్లో బాగుందా?

ఇక్కడ అంతా మామూలే. ప్రోగ్రాం గొడవ ఇక నీకొద్దు. డాక్టరుగారు దాన్ని ఆపేయమన్నారు. ఇప్పుడు తెల్లబోర్డు మీద స్కెచ్ పెన్నుతో రాస్తున్నాం.

చలిగా ఉంటే దుప్పటి అడుగు. మొహమాటపడకు.

అక్క

*

జైలు, రెండో బారక్

అక్కా,

నీ ఉత్తరం ఆరు లైన్లు. నువ్వు నాకు ఎప్పుడూ ఆరు లైన్లు రాయలేదు. తిట్టడానికే నీకు ఒక పేజీ పడుతుంది.

నేను రాయకపోవడమేమిటి? పెద్ద ఉత్తరం రాశాను. అది గేటు దాటలేదు. ఇక్కడ ఉత్తరాలు చదివే ఆఫీసరు నన్ను పిలిపించాడు. నా ఉత్తరం బల్ల మీద ఉంది, రెండుచోట్ల ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

"ఏం పేలుస్తావ్?" అన్నాడు.

"ఏమీ పేల్చనండి. అది పీహెచ్‌పీలో ఒక ఆజ్ఞ. మాటని ముక్కలు చేస్తుంది" అన్నాను.

"ఆ మాటకి అర్థం పేలడం కాదా? నాకు ఇంగ్లీషు రాదనుకుంటున్నావా?"

"పేలడమేనండి. కానీ ఇక్కడ ఆ అర్థం కాదు."

"మొదటి సోమవారం లోపల అయిపోవాలని రాశావు. ఏది అయిపోవాలి? మూడో గదిలో ఎవరు? ఈ బాబాయి ఎవడు?"

నేను నవ్వాను అక్కా. నవ్వకూడదు. నవ్వడంతో అంతా పాడైంది. ఉత్తరం పైవాళ్ళకి పంపాడు. నన్ను వేరే గదిలో పెట్టారు. అక్కడ కాగితం ఇవ్వరు. ఒక్క ఫోను చేసుకోనివ్వండి, ఒక మనిషి ప్రాణానికి సంబంధించిందని కాళ్ళావేళ్ళా పడ్డాను. "దరఖాస్తు పెట్టుకో" అన్నారు. పెట్టుకోవడానికి కాగితం అడిగితే, "నీకు కాగితం ఆపారుగా" అన్నారు. కంప్యూటర్లు తెలిసిన ఎవరో పైనుంచి చూసి, ఇందులో ఏమీ లేదని రాశాకే నన్ను మళ్ళీ ఇక్కడికి తెచ్చారు.

ఉత్తరం నాకే తిరిగిచ్చారు. దీంతోపాటు పెడుతున్నాను. ఆ మాట ఉన్న రెండు చోట్లా నల్లగా పూసేశాను.

అక్కా, నెల మొదలై చాలా రోజులైంది. తెల్లబోర్డు ఎందుకు వచ్చింది? రేడియో బాబాయి ఎలా ఉన్నాడు?

చంటి

*

ఇంటి నుంచి

చంటీ,

బాబాయి లేడు.

నీకు రాయకూడదనే అనుకున్నాను. లోపల ఉన్నవాడివి, తెలిసి ఏం చేస్తావు? కానీ నీ పాత ఉత్తరం చదివాక దాచడం నా వల్ల కాలేదు. బయట బెంచీ మీద, రోగుల మధ్య కూర్చుని చదివాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

మొదటి సోమవారం ఆయన ఎప్పట్లాగే ముందే వచ్చాడు. మా పాత టెక్నీషియన్ మానేశాడు, ఆ రోజే చేరిన కొత్తవాడు ఆయన్ని ఎరగడు. స్క్రీను చూసి, "మీ పేరు లేదు పెద్దాయనా, మీది గురువారమేమో" అన్నాడు. ఆయన "లేదు బాబూ, సోమవారం కూడా" అన్నాడు. "పేరుంటే నేనెందుకు ఆపుతానండీ?" అన్నాడు. బాబాయి "పిల్లాణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకులే" అని పిన్నిగారిని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అంతకుముందు గురువారం తర్వాత మెషిన్ ఎక్కలేదు. బుధవారానికి ఒళ్ళంతా నీరు పట్టేసింది. ఊపిరి ఆడలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు గానీ, గురువారం తెల్లారేసరికి అయిపోయింది.

నువ్వు అడుగుతావు, అప్పుడు నేనెక్కడున్నానని. నేనుంటే ఆయన్ని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. స్క్రీను ఏమంటే నాకేమిటి? కానీ నేను లేను. నేను నీ జైలు గేటు దగ్గర ఉన్నాను.

నీ ఉత్తరాలు ఆగిపోయాయి. భయమేసింది. సెలవు పెట్టి రైలెక్కి వచ్చాను. కిటికీలో ఉన్నాయన నీ పేరు చూసి, "ఇతనికి ములాఖత్ ఆపారు" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. మర్నాడు రమ్మన్నాడు, మర్నాడు కూడా అదే మాట. ఆ గేటు ఎదురుగా చెప్పులు కుట్టేచోట ఒక అరుగుంది చూశావా, దాని మీద కూర్చున్నాను. గోడ అవతల నువ్వున్నావు. నీకు తెలియదు.

ఇక్కడ ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు. అక్కడ నేను వెనక్కి వచ్చేశాను.

అక్క

*

జైలు, రెండో బారక్

అక్కా,

పొద్దున్న కాగితం ఇచ్చారు. వాళ్ళు సాయంత్రం లోపల తిరిగి తీసుకుంటారు, కాబట్టి రాస్తున్నాను.

ఒక్కటి విను. ఇది నీ చుక్క వల్ల కాదు. గదిలో ఎవరైనా ఉన్నారా అని చూడకుండా పేరు పెట్టేసే ప్రోగ్రాం రాసింది నేను. ఆ ఒక్క లైను నేను రాసి ఉంటే నువ్వు ఎన్ని చుక్కలు పెట్టినా ఏమీ అయ్యేది కాదు. మనుషులు చుక్కలు పెడతారు. పెట్టుకోవచ్చు. చూసుకోవాల్సింది ప్రోగ్రాం. కాబట్టి దీన్ని నువ్వు నెత్తిన పెట్టుకోకు. ఎవరికీ ఏమీ చెప్పకు. పిన్నిగారికి అసలే చెప్పకు. ఆవిడకి అర్థం కాదు, పైగా నిన్ను చూసినప్పుడల్లా గుర్తొస్తుంది. కంప్యూటర్ పాడైందని చెప్పు. అందులో అబద్ధం లేదు.

గేటు ఎదురుగా అరుగు సంగతి నాకు తెలియదు. నన్ను తెచ్చిన రోజు వ్యాను కిటికీలకి తెరలున్నాయి.

ప్రోగ్రాం మళ్ళీ వాడతారేమో, వాడకపోయినా సరే, ఆ లైను అందులో ఉండాలి. ఆ మాట వాడకుండా మామూలు తెలుగులో రాస్తున్నాను. చుక్క బదులు నిలువుగీత దగ్గర విరవమను. ముక్కలైన తర్వాత ఒక్కో గదిలోకి దిగేటప్పుడు, దారిలో పెట్టె ఉండాల్సిన చోట పేరు ఉంటే ఆగిపొమ్మను. చివరి గదికి చేరాక, అక్కడ పేరుగానీ పెట్టెగానీ ముందే ఉంటే ఆగిపొమ్మను. ఆగి, ఎర్రగా, స్క్రీను నిండా, ఎవరి పేరు దగ్గర ఆగిందో చూపించమను.

చంటి

*

డయాలసిస్ సెంటర్

చంటీ,

రాశాను. నేనే రాశాను. నీ తెలుగు పక్కన పెట్టుకుని, పుస్తకం ఒకటి తెప్పించుకుని, ఒక్కో సెమీకోలన్ దగ్గర ఏడ్చుకుంటూ రాశాను. పరీక్షగా ఒకే కుర్చీలో ఇద్దరి పేర్లు పెట్టి నడిపితే స్క్రీనంతా ఎర్రగా వచ్చి ఆగింది. డాక్టరుగారు చూసి, "బోర్డు ఉండనీ, ఇది కూడా ఉండనీ, రెండూ కలిస్తేనే పిలుద్దాం" అన్నారు.

నువ్వు చెప్పొద్దన్న పని చేశాను. కోప్పడకు.

పిన్నిగారు సోమవారం వచ్చింది. ఎందుకొచ్చిందో ఆవిడకే తెలియదు. బెంచీ మీద అదే చోట కూర్చుంది. చేతిలో ఊలు లేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా వైపు తిరిగి, "ఆ రోజు మావారి పేరు ఎందుకు రాలేదమ్మా?" అంది.

కంప్యూటర్ పాడైందని చెబుదామనే నోరు తెరిచాను. "నేను చుక్క పెట్టాను పిన్నీ" అన్నాను.

"చుక్కా?"

కాగితం మీద రాసి చూపించాను. మూడు, పక్కన చుక్క, పక్కన ఒకటి. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దగ్గరికి కూడా తీసుకోలేదు. కాగితం నా ఒళ్ళో పెట్టేసి, "ఆ మూడో కుర్చీలో ఇప్పుడెవరున్నారు?" అంది.

"ఒక కాలేజీ పిల్ల."

"చిన్నదా?"

"చిన్నదే."

"దానితో చెప్పు. పేరు లేదంటే వెళ్ళిపోవద్దని చెప్పు. అరవమను. ఎవరేమనుకున్నా సరే, గొంతు చించుకుని అరవమను. మావారు అరవలేదు. ఎదుటివాడు ఇబ్బంది పడతాడని ఊరుకున్నారు."

లేచి వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళి ఆ పిల్లతో చెప్పాను. ఆ పిల్ల బెదిరిపోయి నన్నే చూసింది. పక్క కుర్చీలో బస్సు డ్రైవరు, "మాకూ చెప్పండమ్మా" అన్నాడు. అందరికీ చెప్పాను.

నీ వాయిదా ఎల్లుండి. వకీలుగారు ఫోన్ ఎత్తడం లేదు.

అక్క

*

జైలు, రెండో బారక్

అక్కా,

కోపం లేదు. నేనైతే చెప్పేవాణ్ణి కాదు, అంతే.

నీ ఉత్తరం వాయిదా రోజు పొద్దున్న, వ్యాను ఎక్కేముందు చేతికిచ్చారు. దారిలో చదివాను. వకీలుగారు కోర్టుకి రాలేదు. ఆయన జూనియర్ వచ్చి, "మరో తేదీ ఇప్పించండి" అన్నాడు. జడ్జిగారు తలెత్తకుండానే రాసుకుంటున్నారు. ఇన్ని వాయిదాల్లో నేనెప్పుడూ నోరు తెరవలేదు. మనకెందుకు, మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడతారు అనుకునేవాణ్ణి.

అరిచాను అక్కా. "ఆ రోజు నేను సెలవులో ఉన్నానండీ! నా పాస్‌వర్డు ఏ కంప్యూటర్ నుంచి వాడారో ఎవరూ చూడలేదు! ఒక్కసారి చూడమనండి!" అన్నాను. గొంతు నాదిలా లేదు. జూనియర్ నా చెయ్యి పట్టుకుని లాగాడు. కానిస్టేబుల్ భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కాడు. జడ్జిగారు తలెత్తి, నన్ను మొదటిసారి చూశారు.

"కూర్చోండి. మీ వకీలుతో చెప్పించండి" అన్నారు.

కూర్చున్నాను. తేదీ ఇచ్చారు. వచ్చే నెలలో.

చంటి